నీటిబొట్టులో కాడ మొలిచే ప్రాణి

చలికాలపు పొద్దున హిమాయత్ సాగర్ కట్ట మీద నిలబడితే, పాలమంచు వెనక నీలమేదో బూడిద రంగేదో తేలదు. శంషాబాద్‌లో దిగబోయే విమానం రెక్కల మీద నారింజ ఎండ తళుక్కుమంటుంది. కింద పల్చని అలల్లో తుమ్మచెట్ల నల్లని నీడలు వణుకుతుంటాయి. 1908లో మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అంతటి ఉప్పెన రాకూడదని ఈసీ నది మీద కట్టి 1927లో పూర్తిచేసిన జలాశయమిది.

ఇక చూపును ఒడ్డున మిలమిలలాడే ఒక్క నీటిబొట్టులోకి దించండి. ఇలాంటి మంచినీళ్లలో, తిండి అరుదైన చోట కూడా బతికేస్తుంది కాలోబాక్టర్ అనే బ్యాక్టీరియా. వంపు తిరిగిన మేను, సుమారు మిల్లీమీటరులో ఐదువందలో వంతు పొడవు! పిల్లకణానికి ఒక కొసన సన్నని తోక. దాన్ని గిరగిరా తిప్పుకుంటూ వెలుగునీడల మధ్య ఈదులాడుతుంది. ఈదినంతసేపూ సంతానం లేదు. సీటీఆర్‌ఏ అనే ప్రొటీన్ డీఎన్‌ఏను అంటిపెట్టుకుని, దానికి నకలు మొదలుకానివ్వదు.

తర్వాత తోక రాలిపోతుంది. అదే కొసన సుతారంగా, తామరతూడులా ఒక కాడ సాగుతుంది. కాడ చివర జిగురు. జీవలోకంలో కొలిచి చూసిన జిగుళ్లలో అతి బలమైనవాటిలో అదొకటి. రాయినో నాచునో పట్టుకుని ప్రాణి స్థిరపడుతుంది. లోపల నకలుకు అడ్డంగా కావలి కాస్తున్న సీటీఆర్‌ఏ తొలగాల్సిన వేళ అదే. క్లిప్‌ఎక్స్‌పీ అనే ప్రోటియేజ్ ప్రొటీన్ల మడతలు విప్పి, తన బోలుగర్భంలోకి లాగి తుంచేస్తుంది. ఎదురైనదాన్నల్లా తుంచితే ప్రాణమే మిగలదు కదా! అందుకే సీపీడీఆర్, ఆర్‌సీడీఏ, పాప్‌ఏ అనే మధ్యవర్తులు ఒకదాన్నొకటి పట్టుకుని వరుసగా చేరి, సీటీఆర్‌ఏను సమయానికి దాని నోటికి అందిస్తాయి. కంటికానని ఆ మేనులో ఇంత వివేకమా అనిపిస్తుంది నాకు.

ఈ వింత మన ఊరి ప్రయోగశాలకూ పరిచయమే. సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం ఈ.కొలైలో ఇలాంటి మధ్యవర్తి, ప్రోటియేజ్‌ల జంటనే పట్టుకుంది. ఆ బ్యాక్టీరియా ఎదగాలంటే దాని గోడ అల్లికలో కొన్ని ముడులు తెగాలి. వాటిని తెంచే ఎంజైమ్ మెప్‌ఎస్. తెంపు మితిమీరకుండా, ఎన్‌ఎల్‌పీఐ అనే మధ్యవర్తి మెప్‌ఎస్‌ను పట్టిస్తే, పీఆర్‌సీ అనే ప్రోటియేజ్ దాన్ని తునకలు చేస్తుందని 2015లో వారు ప్రకటించారు. కణాలు జోరుగా పెరిగేటప్పుడు మెప్‌ఎస్ సమృద్ధిగా ఉంటుంది, ఎదుగుదల నెమ్మదించగానే తరిగిపోతుంది. బ్యాక్టీరియా గోడ రహస్యాలు విప్పినందుకే ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి దక్కింది.