సెకండ్ హ్యాండ్ డ్యూయల్ స్పోర్ట్ బండి: కొనేవారికీ అమ్మేవారికీ

తారు రోడ్డు మీద, రాళ్లూ బురదా నిండిన మట్టి దారిలో కూడా నడిచేలా తయారైన మోటార్ సైకిల్‌ని డ్యూయల్ స్పోర్ట్ అంటారు. పెద్ద ముందు చక్రం, పుల్లల రిమ్ములు, బారుగా కదిలే సస్పెన్షన్, నేలకు ఎత్తుగా ఉండే ఇంజను దీని గుర్తులు. మన దేశంలో ఈ తరహాకు దారి వేసింది 2011లో హీరో తెచ్చిన 150 సీసీ ఇంపల్స్. అది ఎక్కువ కాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాకే వీటికి చెప్పుకోదగ్గ గిరాకీ ఏర్పడింది. 2023 చివర్లో కొత్త 450 హిమాలయన్ రావడంతో పాత 411 సీసీ బండి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతోంది.

మామూలు బండికి మీటరు చూస్తే వయసు చాలావరకు తెలిసిపోతుంది. వీటి విషయంలో ఆ లెక్క సగమే పనికొస్తుంది. హైవే మీద నలభై వేల కిలోమీటర్లు తిరిగి, వేళకు ఆయిల్ మార్పించుకున్న బండి కంటే వాగులూ గుట్టలూ దాటిన పదివేల కిలోమీటర్ల బండికే ఎక్కువ ఖర్చు తగలొచ్చు. బండి ఎక్కడెక్కడ తిరిగిందో తెలియాలంటే మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి చూడాలి. ఇంజను కింద ఉండే స్కిడ్ ప్లేటు మీద గీతలుంటే కంగారు పడనక్కర్లేదు, దాని పనే దెబ్బ కాయడం. ప్లేటు లోపలికి నొక్కుకుపోయి ఉంటే మాత్రం దాని వెనక ఇంజను కేసింగును టార్చి వేసి చూడాలి. ఫ్రేములో హ్యాండిల్ మెడ దగ్గరి వెల్డింగు, బ్యాగులు మోసే వెనక భాగం కూడా చూడదగ్గవే. తొలినాటి హిమాలయన్లలో ఫ్రేము పగుళ్ల మీద ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి 2016 బండి కొనేవారు ఈ పరీక్ష వదలకూడదు. ఆ తొలి బండ్లు కార్బ్యురేటర్‌వి. ఫ్యూయల్ ఇంజెక్షన్ 2017లో, ఏబీఎస్ 2018లో చేరాయి. మట్టిలో వెనక ఏబీఎస్‌ను ఆపుకునే వీలు 2020 బీఎస్-6 బండితో వచ్చింది. తయారైన ఏడాదిని బట్టి ధర మారడానికి ఇది పెద్ద కారణం.

అసలు అరుగుదల కనిపించేది చక్రాల్లో, సస్పెన్షన్‌లో. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పుతూ, రిమ్ము అంచుకు దగ్గరగా వేలు పెట్టాలి. వేలికీ రిమ్ముకీ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంగినట్టే. స్పానరుతో పుల్లల్ని ఒక్కొక్కటిగా తడితే బిగువైనవి ఖంగుమంటాయి, వదులైనవి మొద్దుగా పలుకుతాయి. చక్రం అలాగే లేచి ఉండగా హ్యాండిల్‌ని మెల్లగా ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలి. సరిగ్గా మధ్యలో పట్టినట్టు ఆగితే హ్యాండిల్ బేరింగులు, అంటే కోన్ సెట్, పోయినట్టే. గుంతల రోడ్ల మీద ఎక్కువ తిరిగిన బండికి ఇది మామూలే, మార్పించే ఖర్చును ధరలో తగ్గించుకోవచ్చు. ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉంటే ఆయిల్ సీల్ పోయిందని అర్థం. వెనక సీటును పైకి ఎత్తినప్పుడు, సస్పెన్షన్ కదలక ముందే లోపల టక్కుమని ఆడితే లింకేజి బుష్‌లు అరిగాయి. దుమ్ములో తిరిగిన బండికి ఎయిర్ ఫిల్టర్ తీయించి చూడటం తప్పనిసరి. ఫిల్టరుకు ఇంజను వైపున కూడా సన్నటి దుమ్ము చేరి ఉంటే ఆ బండిని వదులుకోవడమే మంచిది. ఆ దుమ్ము సిలిండర్‌ని లోపల్నుంచి అరగదీస్తుంది. ఇంజను ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయన్నమాట.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించుకోవాలి. కొనేవారు వెళ్లేసరికే ఇంజను వేడెక్కి ఉంటే కారణం అడగాలి.

అమ్మేవారికి సర్వీసు బిల్లులే పెద్ద బలం. బండి కొట్టుకున్న దెబ్బలు దాచకుండా ముందే చెబితే బేరం తొందరగా తెగుతుంది. క్రాష్ గార్డులు, పెట్టెలు, అదనపు లైట్ల మీద పెట్టిన డబ్బు మొత్తం వెనక్కి రాదు, వాటిని విడిగా అమ్ముకుంటే కొంత నయం. మార్చేసిన సైలెన్సర్ ఉంటే కంపెనీదే మళ్లీ బిగించి ఇవ్వాలి. టెస్ట్ రైడ్‌కి తాళం ఇచ్చే ముందు లైసెన్సు చూడటం, డబ్బు పడిందని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకుండా తన ఖాతాలోనే చూసుకోవడం కనీస జాగ్రత్తలు. ఇక ఆన్‌లైన్‌లో తాము సైన్యంలో ఉన్నామని, బదిలీ అయిందని చవక ధర చెప్పి, బండి చూపించకుండానే అడ్వాన్సు అడిగేవారికి కొనేవారు దూరంగా ఉండాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది కాగితాల పని. ఆర్సీలో, బండి మీద ఉన్న చాసిస్, ఇంజను నంబర్లు అక్షరం తేడా లేకుండా కలవాలి. చలాన్లు, ఇన్సూరెన్సు గడువు ఎంపరివాహన్ యాప్‌లో చూడొచ్చు. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోతే ఫారం 35తో దాన్ని తీయించాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. హైదరాబాద్ బండిని విజయవాడ తీసుకెళితే ఫారం 28తో ఎన్ఓసీ తీసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించుకోవాలి. ఈ ఖర్చు కలుపుకుంటే పక్క రాష్ట్రంలో చవకగా కనిపించిన బండి ఒక్కోసారి చవక కాదు.

సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి పేరు మార్పు కొన్నవారికి వదిలేయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. ఇది అమ్మినవారికే ప్రమాదం. ఎప్పుడో అమ్మేసి, ఆ తర్వాత పలువురి చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో, రికార్డుల్లో ఎవరి పేరుందో వారే యజమాని అనీ, పరిహారం బాధ్యత వారిదే అనీ సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బండికీ అదే వర్తిస్తుంది. అందుకే బండి అప్పగించిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకాలు చేసుకున్నా, ఆర్సీలో కొత్త పేరు కనిపించేదాకా అమ్మినవారు వెంటపడాల్సిందే. ఇన్సూరెన్సును కొన్నవారు 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో పాటు పోదు. అమ్మినవారు ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర లేఖ తీసుకుంటే తమ తర్వాతి బండికి వాడుకోవచ్చు, దానికి మూడేళ్ల గడువు ఉంటుంది.