ప్లగ్గు పెట్టేదెవరు?

న్యూఢిల్లీ:

2025 సెప్టెంబరు 3వ తేదీన ఇక్కడ సమావేశమైన జి.ఎస్.టి. మండలి సబ్బుల మీద, చిన్న కార్ల మీద పన్ను తగ్గించిందన్న వార్తతోనే మరునాటి పత్రికల మొదటి పేజీలు నిండిపోయినవి. పెద్ద కార్ల సంగతి లోపలి పేజీలకు పోయినది. కోట్ల రూపాయల కారు కొనేవాడి గొడవ మనకెందుకని పాఠకుడు అనుకోవడం సహజమే. కాని పన్నుల విధానంలో ప్రభుత్వం మనసులోని మాట తెలియాలంటే పేదవాడి వస్తువు మీద పన్ను ఒక్కటే చూస్తే చాలదు. ధనికుని వస్తువు మీద పన్ను ఏ కారణం చెప్పి పెంచుతున్నారో, ఏ కారణం చెప్పి తగ్గిస్తున్నారో కూడా చూడవలసి ఉంటుంది.

ఆ రోజు వరకు పెద్ద ఎస్.యు.వి. కారు మీద జి.ఎస్.టి. 28 శాతం, సెస్సు 22 శాతం, వెరసి 50 శాతం పన్ను ఉండేది. అదే కారుకు పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు కూడా ఉండి ‘హైబ్రిడ్’ అనిపించుకొంటే సెస్సు 15 శాతానికి తగ్గి మొత్తం 43 శాతమయ్యేది. పూర్తిగా విద్యుత్తుతో నడిచే కారుకు 5 శాతమే. సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి, పెద్ద కార్లన్నీ 40 శాతపు గాటన కట్టబడినవి. హైబ్రిడ్ కూడా ఆ గాటనే చేరినది. విద్యుత్ కారు మాత్రం 5 శాతంలోనే నిలిచినది. అంటే గోడకు ప్లగ్గు పెట్టి చార్జి చేసుకొనగల హైబ్రిడ్‌కు, ప్లగ్గే లేని పెట్రోలు బండికి మధ్య అంతకు ముందున్న 7 శాతం తేడా ఒక్కసారిగా మాయమైనది.

మండలి చర్చలలో చెరిగిపోయిన ఆ తేడా ఇటీవల నేను భిలాయి వెళ్ళినప్పుడు ఒక తెలుగు కుటుంబంలో తండ్రీ కొడుకుల మధ్య వాదంగా ఎదురైనది.

ఉక్కు పట్టణంలో కొత్త తరం

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఊరు భిలాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగువారు ఇక్కడి సెక్టార్లలో స్థిరపడ్డారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం వారి ఉనికికి గుర్తు. షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా సైకిళ్ళు, వాటి మధ్య ఒకటో రెండో అధికారుల అంబాసిడర్లు కనిపించడం ఆనాటి భిలాయి దృశ్యం. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినది. ఈ ఊళ్ళోనే కాంట్రాక్టు కార్మికుల హక్కుల కోసం పోరాడిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. శ్రమకూ సంపదకూ నడుమ వాదం భిలాయికి కొత్తది కాదు.

నేను దిగిన ఇంటి పెద్దాయన మా ఊరివారే. వరసకు నాకు బాబాయి. కర్మాగారంలో ఫర్నేసు వద్ద పనిచేసి పదవీ విరమణ చేసినవారు. కుమారుడు పారిశ్రామికవాడలో ఇనుప చట్రాలు తయారుచేసే షెడ్డు పెట్టి బాగా సంపాదించాడు. ఇంటి నుంచి షెడ్డుకు, అక్కడి నుంచి రాయపూర్‌కు తిరగడం అతని నిత్యకృత్యం. రోజు మొత్తం మీద 60 కిలోమీటర్లు.

“అన్నయ్యా, బి.ఎం.డబ్ల్యు. ఎక్స్.ఎం. తీసుకోమంటారా, రేంజ్ రోవర్ తీసుకోమంటారా? రెండింటికీ ప్లగ్గు ఉంది. ఖరీదుదే అయినా దేశానికి మంచిదే కదా” అన్నాడు కుమారుడు.

బాబాయి చుట్ట పక్కన పెట్టి ఒకే ఒక ప్రశ్న వేశారు: “అదంతా సరే గాని, రాత్రి ప్లగ్గు పెట్టేదెవడ్రా? నువ్వా, డ్రైవరా?”

ఢిల్లీలో ఈ విషయం మీద నేను విన్న ఉపన్యాసాలలో ఈ ప్రశ్న వేసినవారు లేరు.

రెండు బండ్ల తారతమ్యం

ముందు కొనుగోలుదారు ప్రశ్నకు సమాధానం చెప్పవలె. ఎక్స్.ఎం.ను 2022 డిసెంబరులో 2 కోట్ల 60 లక్షల షోరూము ధరకు భారత విపణిలో ప్రవేశపెట్టారు. 4.4 లీటర్ల వి8 పెట్రోలు ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటారు, రెండూ కలిసి 653 అశ్వశక్తి. బ్యాటరీలో వాడుకొనగల విద్యుత్తు సుమారు 25 యూనిట్లు. బండి బరువు 2.7 టన్నులు. బ్యాటరీతోనే 80 కిలోమీటర్ల పైచిలుకు పోతుందని ప్రయోగశాల లెక్క. వాస్తవంలో 60 వస్తే సంతోషించవలసినదే. రేంజ్ రోవర్ ప్లగ్-ఇన్‌లో ఇంజను 3 లీటర్లదే, బ్యాటరీ మాత్రం పెద్దది. వాడుకకు సుమారు 32 యూనిట్లు. వంద కిలోమీటర్లకు పైగా పోతుందని కంపెనీ లెక్క. పైగా వేగంగా చార్జి చేసే యంత్రాల వద్ద కూడా ఇది చార్జి అవుతుంది, ఎక్స్.ఎం.కు ఆ సౌకర్యం లేదు. ఇక లాంబోర్గినీ ఉరుస్ ఎస్.ఇ. 2024 ఆగస్టులో 4 కోట్ల 57 లక్షలకు వచ్చినది; దాని బ్యాటరీ సామర్థ్యం ఇంచుమించు ఎక్స్.ఎం. బ్యాటరీ అంతే. రెట్టింపునకు చేరువైన ధర ప్లగ్గు కోసం కాదని వేరే చెప్పనక్కరలేదు.

రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే భిలాయి వాసికి పెద్ద బ్యాటరీ, చిన్న ఇంజను ఉన్న బండి మేలు. వేసవిలో ఏ.సి. వేసుకొని తిరిగినా సాయంత్రం ఇల్లు చేరేసరికి బ్యాటరీలో కొంత మిగులుతుంది. సొంత ఊరికి ప్రయాణమైతే సంగతి వేరు. ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు దిగే దారిలో మొదటి జాములోనే బ్యాటరీ అయిపోతుంది. ఆ తరువాత మిగిలిన దారంతా బరువైన బ్యాటరీని పెట్రోలు పోసి మోసుకొని పోవడమే. ఘాటు దిగేటప్పుడు బ్రేకుల వల్ల కొంత విద్యుత్తు తిరిగి పుడుతుంది కాని అది ఊరట మాత్రమే. అయితే చార్జింగు కేంద్రం కోసం అడవి దారిలో వెతుక్కొనే భయం లేకపోవడం ఈ జాతి బండికి ఉన్న నిజమైన సుగుణమని ఒప్పుకొనవలె.

పొదుపు లెక్క, పొగ లెక్క

“పెట్రోలు ఆదా అవుతుంది” అన్నది రెండవ వాదం. భోజనాలయ్యాక కాగితం మీద లెక్క వేశాము. ఇటువంటి భారీ బండి పట్టణంలో లీటరుకు 7 కిలోమీటర్లు ఇస్తుందనుకొంటే 60 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర లీటర్లు. లీటరు వంద రూపాయలనుకొంటే 850 రూపాయలు. అదే దూరానికి విద్యుత్తు, చార్జింగులో పోయే నష్టంతో కలిపి, 28 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకొంటే 224 రూపాయలు. ఆదా 626 రూపాయలు. ఏడాదికి 300 రోజుల చొప్పున పదేళ్ళకు 19 లక్షల లోపు. కోటి రూపాయల అసలు ధర మీద పడే జి.ఎస్.టి.యే 40 లక్షలు. అందుచేత పొదుపు కోసం ఈ కారు కొంటున్నామన్న మాట లెక్కకు నిలవదు.

పొగ లెక్క ఇంకా చిత్రమైనది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఎనిమిదిన్నర లీటర్లకు 20 కిలోలు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ విద్యుత్తుకు సగటున 0.7 కిలోలు, 28 యూనిట్లకు కూడా 20 కిలోలే! ఛత్తీస్‌గఢ్ విద్యుత్తు ప్రధానంగా బొగ్గు నుంచే వస్తుంది. కోర్బా పొగగొట్టాలు అందుకు సాక్ష్యం. ప్లగ్గు పెట్టినందువల్ల భిలాయి వీధిలో పొగ తగ్గుతుంది, నిజమే. కాని ఆ పొగ కోర్బా ఆకాశానికి బదిలీ అవుతుంది. ఆ బదిలీని త్యాగమని చెప్పుకొనడం మాత్రం అతిశయోక్తి.

షెడ్డు కప్పు మీద సౌరఫలకాలు వేసి, పగలు బండి అక్కడ నిలిచి ఉన్నప్పుడే చార్జి చేస్తే అప్పుడు లెక్క మారుతుంది. కిలోవాట్ ఫలకానికి రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయనుకొంటే 7 కిలోవాట్లు చాలు. అంత కప్పు అతని షెడ్డుకు ఉన్నది. ముందు కప్పు సంగతి తేల్చుకొని తరువాత కారు ఎంచుకొమ్మని చెప్పాను. కారు పేరు కన్నా కరెంటు ఎక్కడిదన్నదే ముఖ్యమైన ఎంపిక.

ఐరోపా నేర్పిన పాఠం

బాబాయి ప్రశ్నకు జవాబు ఐరోపాలో దొరికినది. అక్కడ 2021 నుంచి కొత్త కార్లలో ఇంధన వాడకాన్ని నమోదు చేసే పరికరం తప్పనిసరి. ఆ నమోదుల ఆధారంగా ఐరోపా కమిషన్ 2024 మార్చిలో వెలువరించిన నివేదిక ప్రకారం ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వెలువరించే కార్బన్, ప్రయోగశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లు! కారణం యంత్రలోపం కన్నా మనిషి అలవాటు. సొంత కార్లవారు తిరిగిన దూరంలో 45 నుంచి 49 శాతం మాత్రమే విద్యుత్తుతో నడిపారని, కంపెనీలు ఇచ్చిన కార్లలో అది 11 నుంచి 15 శాతానికి దిగజారిందని 2022లో మరొక అధ్యయనం తేల్చినది. పెట్రోలు బిల్లు కంపెనీ కడుతుంటే రాత్రిపూట తీగ పట్టుకొని గోడ దగ్గరికి పోయే ఓపిక ఎవరికుంటుంది? జర్మనీ ఈ బండ్లకిచ్చే కొనుగోలు సబ్సిడీని 2022 చివరితో ఆపివేసినది.

మన దేశంలోనూ ఇటువంటి కార్లు కంపెనీ పేర కొనడం కొత్త కాదు. కంపెనీ కారు మీద ఏటా 15 శాతం తరుగుదల ఖర్చుగా చూపవచ్చు. ఆ మేరకు ఆదాయపు పన్ను తగ్గుతుంది. అంటే బండిలో కూర్చునేది ఒకరు, భారంలో కొంత మోసేది ఖజానా.

రాజధాని ద్వైధీభావం

ఢిల్లీకి మాత్రం ఇంకా ఒక నిశ్చయం కుదరలేదు. హైబ్రిడ్‌ల మీద పన్ను తగ్గించాలని రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2024లో బాహాటంగానే కోరారు. అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం స్ట్రాంగ్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లకు రిజిస్ట్రేషన్ పన్ను పూర్తిగా మినహాయించినది. మారుతి, టొయోటా వర్గం హర్షించగా, విద్యుత్ కార్లపై పెట్టుబడి పెట్టిన టాటా, మహీంద్రా వర్గం అభ్యంతరం చెప్పినది. 2025 సెప్టెంబరులో కేంద్రం హైబ్రిడ్‌కు ఉన్న ప్రత్యేకతనే తుడిచివేసినది. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో పెట్రోలు, డీజిలు కార్ల మీద దిగుమతి సుంకం కోటా మేరకు క్రమంగా 10 శాతానికి దిగుతుంది; విద్యుత్, హైబ్రిడ్ కార్లకు మొదటి అయిదేళ్ళు ఆ రాయితీ లేదు. 2008 నుంచి టాటాల చేతిలో ఉన్న రేంజ్ రోవర్‌నే తీసుకొంటే, ఇంగ్లండు నుంచి దిగే పెట్రోలు బండికి ద్వారం ముందు తెరుచుకొంటుంది. ప్లగ్గు ఉన్న బండి బయట నిలబడుతుంది. స్వదేశీ విద్యుత్ కార్ల పరిశ్రమను కాపాడుకొనడానికే ఈ జాగ్రత్త అన్నది ప్రభుత్వ పక్షపు వాదం. అందులో బలం లేకపోలేదు. కాని ఒక చేత్తో ప్లగ్గును మెచ్చుకొని, రెండవ చేత్తో వెనక్కి నెట్టే విధానాన్ని కొనుగోలుదారు ఎలా అర్థం చేసుకొనవలె?

నా అభిప్రాయం ఒకటే. హైబ్రిడ్ అనే బిళ్ళ చూసి రాయితీ ఇవ్వడమూ తప్పే, ఆ బిళ్ళను పట్టించుకోకుండా అందరినీ ఒకే గాటన కట్టడమూ తప్పే. బండి ఎన్ని కిలోమీటర్లు పెట్రోలుతో, ఎన్ని కిలోమీటర్లు విద్యుత్తుతో తిరిగిందో బండే చెప్పగల రోజులివి. ఐరోపాలో వలె ఆ నమోదును తప్పనిసరి చేసి, ఏడాది చివర లెక్క చూసి, నిజంగా ప్లగ్గు పెట్టినవానికి రోడ్డు పన్నులో కొంత తిరిగి ఇవ్వవచ్చు. పెట్టనివాని వద్ద అదనంగా రాబట్టవచ్చు. అప్పుడు కొనేవాడు షోరూములో అశ్వశక్తి గురించి కాక, ఇంట్లో మీటరు గురించి ఆలోచిస్తాడు.

ఈలోగా ఒక సంగతి మరువరాదు. భిలాయిలో తయారయ్యేది కార్ల రేకు కాదు, రైలు పట్టాలు. భారత రైల్వేలకు పట్టాలు అందించడంలో ఈ కర్మాగారానిదే అగ్రస్థానం. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నాల మధ్య వందే భారత్ నడుస్తున్నది. రాయపూర్, రాయగడ, విజయనగరం మీదుగా ఎనిమిది గంటల ప్రయాణం. అది కూడా విద్యుత్తుతో నడిచేదే, దానికీ బొగ్గు కరెంటే. అయితే ఒక బండి కరెంటును వందలాది మంది పంచుకొంటారు. దానికి రాత్రి ప్లగ్గు ఎవరు పెట్టాలన్న తగాదా లేదు. ప్లగ్-ఇన్ కార్ల రాయితీల కోసం రాజధానిలో జరిగే రాయబారాలలో పదవ వంతు శ్రద్ధ ఇటువంటి రైళ్ళ సంఖ్య పెంచడం మీద పెడితే, పొగ లెక్కలోనూ, పన్ను లెక్కలోనూ దేశానికి మిగిలేది ఎక్కువ.