యంత్రము దిద్దిన ముఖము

వెనుకటి తరమున తెలుగు ఇండ్ల నడవగోడలపై ఒక తీరు పటములు వ్రేలాడుచుండెడివి. భార్యాభర్తలు ప్రక్కప్రక్కన కుర్చీలలో కూర్చుండియుందురు. ఇరువురి చూపులును సూటిగా చూపరి వంకనే యుండును. పరికించి చూచినచో ఒకరి ముఖముపై వెలుగు కుడివైపు నుండియు, రెండవవారి ముఖముపై ఎడమవైపు నుండియు పడినట్లు తెలియును. వా రెన్నడును కలసి ఫోటో తీయించుకొనలేదు. ఒకరు గతించిన పిమ్మట, ఏ పెండ్లినాటి గ్రూపు ఫోటోలో నుండియో ముఖమును వేఱుచేసి, స్టూడియోవాడు రెండవవారి ప్రక్కన చేర్చి, అతుకు కనబడకుండ కుంచెతో దిద్ది యిచ్చెను. ఆ యింటివా రెవ్వరును దానిని అసత్య మనలేదు. దానికి దండ వేసి, తద్దినమునాడు బొట్టు పెట్టిరి.

మనుష్యరూపమును దిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన. నెగటివుపై సన్నని పెన్సిలుతో గీసి మొటిమలను, ముడుతలను మాపుట స్టూడియోలలో నిత్యకృత్యముగ నుండెను. అంతకు మించిన సాహసములును జరిగినవి. స్వీడను దేశమున పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆస్కార్ రెయిలాండర్ 1857లో ముప్పదికి పైగా నెగటివులను ఒక్క చిత్రముగ కూర్చి, ‘జీవితమున రెండు త్రోవలు’ అను పేర మాంచెస్టరు ప్రదర్శనమున నుంచెను. ఒకవైపు భోగము, ఒకవైపు శ్రమ. నడుమ ఇద్దఱు యువకులకు దారి చూపు వృద్ధుడు. విక్టోరియా రాణి ఒక ప్రతిని కొనెను. ఆ మఱుసటి యేట హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివులను కలిపి, క్షయరోగముతో మరణశయ్యపై నున్న బాలికను చూపగా, ఇట్టి దుఃఖమును ఫోటోలో చూపుట తగదని పలువురు కోపించిరి. అదే దృశ్యమును చిత్రకారుడు రంగులతో వ్రాసియుండినచో అంత కోపము వచ్చియుండదు. ఫోటో యనగానే ‘ఇది జరిగినది’ అని మనస్సు నమ్మును. ఆ నమ్మకమే ఈ కళకు పెట్టుబడి. దీనికి గండమును అదియే.

ఆ పెట్టుబడితో చెడ్డ బేరము చేసినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. 1870ల చివరి సంవత్సరములలో ఆయన దొంగలు, హంతకులు మొదలగు ఖైదీల ఫోటోలను కారాగారాధికారి వలన సంపాదించి, కన్నులపై కన్నులు వచ్చునట్లు సరిచూచి, ఒక్కొక్క ముఖమునకు కొద్దిపాటి కాలమే వెలుగు చూపుచు, అన్నింటిని ఒకే ఫలకముపైకి ఎక్కించెను. ఎనిమిది ముఖము లున్నచో ఒక్కొక్కదానికి ఎనిమిదవ వంతు కాలము. అందఱికిని సామాన్యమైన లక్షణములు నిలిచి, ఒక్కొక్కరికే చెందినవి మసకబారిపోవునని ఆయన యూహ. అట్లు మిగిలినదే నేరస్థుని ముఖము కావలెను. కాని ఫలకముపై లేచివచ్చిన ముఖము విడివిడి ముఖములకంటె సౌమ్యముగ, మర్యాదగ నుండెను! గాల్టనే ఆ సంగతిని వ్రాసికొనెను. నేరము ముఖమున లేదని ఆయన యంత్రమే సాక్ష్యము చెప్పినది. అయినను ఆయన ఆ దారి విడువలేదు. మానవజాతిని ఏరి మేలురకము చేయు శాస్త్రమునకు 1883లో ‘యూజెనిక్సు’ అని నామకరణము చేసినవాడును ఆయనయే. ఆ మాట తరువాతి శతాబ్దమున ఎందఱి కన్నీటికి కారణమైనదో చరిత్ర విద్యార్థులకు తెలియును.

ఇక కంప్యూటరు మాట. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థయందు రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు సహచరులతో కలసి, చిత్రమును అంకెలుగ మార్చు సాధనము నొకదానిని నిర్మించెను. దానికి తొలుత చూపిన బొమ్మలలో ప్రసిద్ధి కెక్కినది ఆయన మూడునెలల కుమారుని ఫోటో. అయిదేసి సెంటీమీటర్ల చదరము. యంత్రము దానిని నిలువున 176, అడ్డముగ 176 గడులుగ విభజించెను. మొత్తము 30,976 గడులు. ప్రతి గడియు నలుపో తెలుపో, ఒకటో సున్నయో. నడిమి ఛాయల కొఱకు వేఱువేఱు మెట్లలో మరల మరల చదివించి కలిపిరి. పసివాని బుగ్గ అంకెల పట్టిక యయ్యెను. పాత ఫోటోను దిద్దవలెనన్న గీరవలెను, కత్తిరింపవలెను, అతికింపవలెను; ఎంత నేర్పరియైనను ఏదో యొక జాడ మిగులును. అంకెను మార్చినచో కంటి కగపడు జాడ యుండదు. నలుబదియైదున్న చోట నలుబదియాఱు వ్రాసినంత మాత్రమున కాగితము చిరుగదు. భేద మంతయు ఇక్కడ నున్నది.

ఈ భేదమును మానవముఖముపై పరీక్షించి చూచిన కళాకారులలో నాన్సీ బర్సన్ పేరు మొదట చెప్పదగినది. ఆమె 1948లో సెయింట్ లూయిస్ నగరమున జన్మించెను. 1968లో న్యూయార్కు చేరి, అచటి ఆధునిక కళాసంగ్రహాలయమున యంత్రములను గూర్చిన ప్రదర్శనమును చూచి, మనిషి తన ముసలి ముఖమును ముందుగనే చూచుకొను యంత్ర మొకటి యుండిన బాగుండునని తలచెను. తెలిసినవారి నడుగగా అప్పటికది సాధ్యము కాదనిరి. ఆమె వేచియుండెను. పిదప మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పనిచేసి, 1981లో మఱియొకరితో కలసి ఆ పద్ధతికి పేటెంటు పొందెను. తలపునకును ఫలమునకును నడుమ పదమూడేండ్లు!

1982లో ఆమె బెట్టీ డేవిస్, ఆడ్రీ హెప్బర్న్, గ్రేస్ కెల్లీ, సోఫియా లారెన్, మార్లిన్ మన్రో అను అయిదుగురు తారల ముఖములను ఒక్కటిగ కలిపెను. తెలుగువారి కిది బొత్తిగ క్రొత్త కథ కాదు. సుందోపసుందుల వధకై బ్రహ్మ యాజ్ఞాపింపగా, లోకమునందలి సుందరవస్తువుల నుండి నువ్వుగింజ యంతేసి సారమును తీసి విశ్వకర్మ తిలోత్తమను సృజించిన కథ ఆదిపర్వమున నున్నది. అయితే తిలోత్తమను చూచి ఆ యన్నదమ్ము లిరువురు ఒకరినొకరు చంపుకొనిరి. బర్సన్ కూర్చిన ముఖమును చూచినవారి కట్టి మోహము కలుగదు. అందమైనదే, కాని ఎవరిదియు కాని ముఖ మది. హెప్బర్న్ కన్నులలోని కొంటెతనము గాని, డేవిస్ పెదవి విఱుపు గాని అందు లేవు. అయిదు అందములను కూడి అయిదుచే భాగించినచో వచ్చునది అందమే; మనిషి కాదు.

అదే యేట ఆమె అణ్వస్త్రములు గల అయిదు దేశముల నాయకుల ముఖములను, వారి వారి అస్త్రముల నిష్పత్తిలో కలిపెను. రీగన్ 55 పాళ్లు, బ్రెజ్నెవ్ 45 పాళ్లు. థాచర్, మిత్తెరాన్, డెంగ్ ఒక్కొక్కరు ఒక పాలునకు లోపు. ఆ ముఖమున రెండు రాజ్యములు తప్ప తక్కిన లోకము కనబడదు. గాల్టన్ చేసిన కూడికయే ఇది. కాని ఆయన బందీలను కూడెను, ఈమె ఏలికలను కూడెను.

వీనిని కళాఖండములని మెచ్చి ఊరకుండవచ్చును. కాని అదే విద్య ఒక తల్లిదండ్రుల వాకిట నిలువవలసివచ్చెను. 1979 మే 25న న్యూయార్కులో ఆఱేండ్ల బాలు డొకడు మొదటిసారి ఒంటరిగ బడిబస్సు కొఱకు నడచిపోయి, తిరిగి రాలేదు. తండ్రి వృత్తిచే ఫోటోగ్రాఫరు. ఆయన తీసిన ఫోటోలే దేశమంతట ప్రకటితము లయ్యెను. ఏండ్లు గడచిన కొలది ఆ ఫోటోలు పనికిరానివగుచు వచ్చెను. ఉపాధ్యాయులకు దీనిని విడమరచి చెప్ప నక్కఱలేదు. ఒకటవ తరగతిలో చూచిన పిల్లవానిని ఆఱవ తరగతిలో గుర్తుపట్టుట ఎంత కష్టము! పాలపండ్లు ఊడును, దవడ పెరుగును, ముక్కు తేలును, గుండ్రని ముఖము సాగును. 1980ల మధ్యకాలమున బర్సన్ ఆ బాలుని ముఖమును కంప్యూటరుపై పెంచి యిచ్చెను. ఈ పనిలో ఊహకు హద్దు కలదు. తల్లిదండ్రులును తోబుట్టువులును ఆ వయస్సున ఉన్నప్పటి ఫోటోలను తెప్పించి, ఆ వంశమున ముఖము పెరుగు తీరును చూచి, తప్పిపోయిన పిల్లవాని ముఖమునకు దానిని అన్వయింతురు.

బాలుడు దొరకలేదు. 2001లో న్యాయస్థానము అతడు మరణించినట్లు ప్రకటించెను. ఆ పటములో మాత్రము, అతడు చేరినట్లు ఎవ్వరును చూడని వయస్సుతో నిలిచియున్నాడు. విద్య వ్యర్థము కాలేదు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ బర్సన్ సాఫ్టువేరును తీసికొనెను. 1984లో ఆ దేశమున ఏర్పడిన తప్పిపోయిన బాలల జాతీయ కేంద్రము నేటికిని ఇట్టి పటములను సిద్ధము చేయుచున్నది. ఇల్లు చేరిన పిల్లలలో కొందఱి దారి ఈ పటముల మీదుగనే సాగినది. మన నడవగోడపై స్టూడియోవాని అతుకు గడచిపోయిన వానిని తెచ్చి కుర్చీలో కూర్చుండబెట్టెను. ఇది రాని కాలమును తెచ్చి పోలీసువాని చేతిలో పెట్టెను.

2000లో లండను మిలీనియం డోములో బర్సన్ మఱియొక యంత్రమును నిలిపెను. దాని యెదుట కూర్చున్నవాడు తన ముఖమునే వేఱువేఱు జాతుల రూపమున చూచుకొనును. జాతి యనునది జన్యువులలో లేదని ఆమె వాదము. ఉద్దేశము మంచిదే. కాని జాతులు లేవని చూపుటకు జాతి కొక నమూనా ముఖమును యంత్రములో పెట్టవలసివచ్చెను; ఆ చిక్కును ఆమె విప్పలే దనియే చెప్పవలెను. ఈమెకు భిన్నముగ ఆంటొనీ అజీజ్, సామీ కుచర్ అను జంట 1990ల మధ్యలో కన్నులు, నోరు, ముక్కుపుటములు చర్మముతో మూసికొనిపోయిన ముఖములను చూపిరి. ఒకమాఱు చూచినవారు వానిని తొందరగ మఱువలేరు.

అప్పటికి ఈ పనిముట్లు ప్రయోగశాలలు దాటి బజారున పడెను. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాపును 1990లో అడోబీ సంస్థ విడుదల చేసెను. 1994 జూనులో హత్యాభియోగమునకు గురియైన ఓ.జె. సింప్సన్ యొక్క పోలీసు ఫోటోను ‘టైమ్’, ‘న్యూస్‌వీక్’ పత్రికలు రెండును అట్టపై ముద్రించెను. ‘టైమ్’ అట్టపై ఆయన చర్మము మఱింత నల్లబడియుండెను. రెండు పత్రికలు ఒకే అంగడిలో ప్రక్కప్రక్కన నుండుటచే చదువరులకు మోసము తెలిసెను. ఒకటే వచ్చియుండినచో ఎవరికి తెలియును? అప్పటి కాతని విచారణయే మొదలు కాలేదు.

ప్రకటనలలో నడుము సన్నగిలుటయు, చర్మము పాలరాయి యగుటయు ఇపుడు వింత కాదు. అద్దములోని తనకును చేతిలోని ఫోనులోని తనకును పొత్తు కుదరక బడి యీడు పిల్లలు క్రుంగుచున్నారు. ఫ్రాన్సున 2017 అక్టోబరు నుండి, మోడలు శరీరమును సన్నగనో లావుగనో మార్చిన ప్రకటనపై ‘దిద్దిన ఫోటో’ అని వ్రాయవలెను. తప్పినచో 37,500 యూరోల జరిమానా. నార్వే శాసనము 2022 జూలైలో అమలునకు వచ్చెను. శరీరపు ఆకారమును, పరిమాణమును, చర్మమును మార్చిన ప్రకటనలకు గుర్తు తప్పనిసరి.

ఈ శాసనములు, దిద్దుటకు ముందు ఒక మనిషి యుండెనను లెక్కపై నడచుచున్నవి. 2023లో జర్మను కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పురస్కారములలో ఒక శాఖకు ఎన్నికైన తన నలుపుతెలుపు చిత్రము కృత్రిమ మేధచే పుట్టినదని వేదికపై చెప్పి, బహుమానమును నిరాకరించెను. అందు ఇద్దఱు స్త్రీలు, ఒకరి వెనుక ఒకరు, పాతకాలపు ఫోటోలో వలె నిలిచియుందురు. ఆ యిరువురును ఏ కెమెరా యెదుటను నిలిచినవారు కారు. ఫోటోలకును ఇట్టి చిత్రములకును ఒకే పోటీ తగదని ఆయన నిర్వాహకులతో వాదించెను.