అరేంజర్ కీబోర్డు: దాని నేటి స్థితి, రేపటి గతి

పాలారు తీరమునందలి రాయవేలూరునను, ఏటేట వైకాశి మాసమున గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగు గుడియాత్తమునను, పెండ్లిండ్లకును జాతరలకును పాటకచేరి చిరకాలముగా అలంకారమై యున్నది. కొన్ని దశాబ్దములపాటు ఆ కచేరికి ఆధారమైనది అరేంజర్ కీబోర్డు. అది యిప్పుడు వేదికనుండి క్రమముగా తొలగుచున్నది. దానికి గల కారణమును, వాటిల్లు నష్టమును విచారించుట యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ వాద్యమున ఎడమచేతితో కొన్ని మెట్లు కలిపి నొక్కినచో, లోపల నిక్షిప్తమైన తాళము, మంద్రస్వరము, గిటారు మున్నగునవి ఆ స్వరముల ననుసరించి తామే మ్రోగును. కుడిచేయి పాటను పలికించును. ఇట్లు ఒక్కడే మేళమంతటి పని చేయును. రోలాండు సంస్థ 1988లో వెలువరించిన ఇ-20 ఈ జాతి వాద్యములలో ప్రసిద్ధమైనది. ఇవి వచ్చినపిదప తబలా, వయొలిన్, అకార్డియన్ వాద్యకులకు పిలుపులు తగ్గినవి. మరమగ్గము వచ్చినప్పుడు చేమగ్గమున కేమి జరిగినదో గుడియాత్తపు నేతపనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు కీబోర్డునకును అదే గతి పట్టినది. చేతిఫోనులో పాటల ట్రాకులు దొరకుచున్నవి; వాద్యకుని పిలువవలసిన అవసరము తప్పినది. యువకులు కంప్యూటరుపై సంగీతము కూర్చుచున్నారు. యమహా సంస్థ 2017లో జెనోస్‌ను, 2023లో జెనోస్2ను వెలువరించినది. కాని లక్షల వెలగల యట్టి వాద్యమును చిన్న ఊరి కళాకారుడు కొని, ఏ కచేరీల రాబడితో అప్పు తీర్చగలడు? భారతీయ తాళములుగల పి.ఎస్.ఆర్-ఐ500 వంటి చిన్న వాద్యములు మాత్రము విద్యార్థుల చేతులలో నిలిచియున్నవి.

ఇచట హార్మోనియము చరిత్ర స్మరింపదగినది. 1842లో పారిస్‌లో డెబేన్ పేటెంటు పొందిన ఆ వాద్యమును, గమకములు పలుకదను కారణమున, ఆకాశవాణి 1940లో నిషేధించినది. అయినను అది నశింపలేదు. పద్యనాటకమునకు, భజనకు దాని అవసరము తీరకపోవుటయే అందులకు హేతువు. వాద్యమును చంపునది నిందగాని నిషేధముగాని కాదు, అవసరము తీరుటయే.

కీబోర్డు అవసరము నిజముగా తీరినదా? గాయకుడు చరణము మరచినచో వాద్యకుడు పల్లవిని మరల నెత్తుకొనును, ట్రాకు ఆగదు. ఊరేగింపు ఆలస్యమైనచో వాద్యకుడు పాటను పొడిగించును, ట్రాకు ముగిసిపోవును. మనిషిని కనిపెట్టి యుండు ఈ గుణమే కచేరికి ప్రాణము. కావున మన సంఘములు ఉగాది, సంక్రాంతి వేడుకలలో ఒక్క వాద్యకునికైనను సంభావన యిచ్చి పిలువవలెను. పిల్లలకు పాటవెంట నడచు విద్యను అతనిచే నేర్పింపవలెను. యంత్రము మారవచ్చును, ఆ విద్య మాత్రము చేజారినచో మరల సంపాదించుట కష్టము.