వేసవిలో చీమ పాఠం

సోమరీ, చీమను చూసి బుద్ధి తెచ్చుకోమన్నాడు సొలొమోను (సామెతలు 6:6-8). దానిపై అజమాయిషీ చేసేవారెవరూ ఉండరు. అయినా వేసవిలోనే ఆహారం సమకూర్చుకుంటుంది. బడి గంట, టీచరు బెత్తం లేని ఈ సెలవుల్లో మన పిల్లలకు కావలసిన పాఠం ఇదే.

చర్చిల్లో వీబీఎస్‌లు వారం, పది రోజుల్లో ముగుస్తాయి. పాటలు, కంఠత వాక్యాలు, బహుమతులు అక్కడితోనే ఆగిపోతే మిగిలిన సెలవులన్నీ సెల్‌ఫోన్‌ పాలవుతాయి. ఆపైన బాధ్యత తల్లిదండ్రులమైన మనదే. ఇంట్లో ఉన్నా, దారిలో ఉన్నా, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ దేవుని మాటలు పిల్లలతో మాట్లాడమని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 6:7). దానికి తరగతి గది అక్కరలేదు. రాత్రి డాబా మీద ఒక బైబిలు కథ చెబుదాం, మర్నాడు వారిచేతే చెప్పిద్దాం.

12 ఏళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని విన్నాడు, ప్రశ్నలడిగాడు (లూకా 2:46). మన పిల్లలు అడిగితే కసురుకోవద్దు. జవాబు తెలియకపోతే వారితో కలిసి బైబిలులో వెదుకుదాం. బలవంతం లేకుండా నేర్చుకున్నదే బడులు తెరిచాక కూడా నిలుస్తుంది. ఈ వేసవిలో కూర్చుకున్న గింజలే రేపటి కష్టకాలంలో వారికి ఆహారం.