ఆటల్ని డాస్ నుంచి దాటించిన డైరెక్ట్‌ఎక్స్

1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైనప్పుడు ఆటలు రాసేవాళ్లు, ఆడేవాళ్లు అంత తేలిగ్గా దాన్ని నమ్మలేదు. వాళ్లు డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు అలవాటుపడ్డవాళ్లు. డాస్‌లో ఆట మొదలైందంటే కంప్యూటరంతా దాని సొంతం. తెరమీద బొమ్మ పడే మెమరీలోకి నేరుగా రాసుకోవచ్చు, సౌండ్ కార్డును నేరుగా నడపొచ్చు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ఆనాటి మామూలు కంప్యూటర్ల మీద అంత వేగంగా పరుగెత్తడానికి ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణం.

ఆ స్వేచ్ఛ కోసం ఆడేవాళ్లు చాలా అవస్థపడ్డారు. సౌండ్ కార్డు ఏ ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే లైను) మీద ఉందో ఆటకు చెప్పాలి. తప్పు చెబితే శబ్దం రాదు, ఒక్కోసారి కంప్యూటరే బిగుసుకుపోతుంది. ర్యామ్ ఎన్ని మెగాబైట్లున్నా, మొదటి 640 కిలోబైట్లలో చోటు చాలక ఎన్నో ఆటలు మొరాయించేవి. అనవసరమైన డ్రైవర్లు తీసేసి, ఆట కోసమే ప్రత్యేకంగా బూట్ ఫ్లాపీ తయారుచేసుకునేవాళ్లు.

విండోస్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. హార్డ్‌వేర్ జోలికి ఏ ప్రోగ్రామూ నేరుగా పోకూడదు, ఏం గీయాలన్నా విండోస్‌నే అడగాలి. అక్షరాలకు, కిటికీలకు ఆ దారి సరిపోతుంది. క్షణక్షణానికీ తెరంతా మార్చాల్సిన ఆటకు చాలదు. 1994లో మైక్రోసాఫ్ట్ విన్‌జి అనే పరిష్కారం తెచ్చింది. దాని మీద ఆధారపడిన డిస్నీ లయన్ కింగ్ ఆట ఆ క్రిస్మస్‌కు ఎన్నో ఇళ్లలో మొదలుకాకుండానే ఆగిపోయింది. కాంపాక్ ప్రెసారియో కంప్యూటర్లలోని వీడియో డ్రైవర్లకూ విన్‌జికీ పొసగలేదు.

అప్పుడు అలెక్స్ సెయింట్ జాన్, క్రెయిగ్ ఐస్లర్, ఎరిక్ ఎంగ్‌స్ట్రామ్ అనే ముగ్గురు మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఆటలు హార్డ్‌వేర్‌ను వేగంగా వాడుకునేందుకు డైరెక్ట్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ సాధనాల సమితికి ప్రాణం పోశారు. మొదటి రూపం 1995 సెప్టెంబరు చివర్లో వచ్చింది. అందులోని డైరెక్ట్‌డ్రా వీడియో మెమరీని ఆట చేతికే ఇచ్చేది. కార్డు ఏ కంపెనీదన్న గొడవ మాత్రం డ్రైవరు చూసుకునేది. డాస్ వేగం దక్కింది, ఐఆర్‌క్యూ బాధ తప్పింది. మైక్రోసాఫ్ట్‌లోనే ఉన్న గేబ్ న్యూయెల్ డూమ్‌ను విండోస్ 95 మీదికి తెచ్చే పని నడిపించి, ఇది సాధ్యమని చూపించాడు.

అయితే నా దృష్టిలో ఆ కాలంలో జరిగిన గొప్ప పని ఇంకొకటుంది. సిమ్‌సిటీ ఆటలో ఒక తప్పు దొర్లింది. తాను వదిలేసిన మెమరీనే అది మళ్లీ చదివేది. విండోస్ 3 కాలంలో ఆ మెమరీ అక్కడే పడి ఉండేది కాబట్టి తప్పు బయటపడలేదు. విండోస్ 95 పరీక్షల్లో ఆట కూలిపోయింది. తప్పు ఆటదే. అయినా మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్లు సిమ్‌సిటీని గుర్తుపట్టే కోడ్‌ను విండోస్‌లోనే పెట్టారు. ఆ ఆట నడుస్తున్నంతసేపూ వదిలేసిన మెమరీని సిస్టమ్ వెంటనే వెనక్కు తీసుకునేది కాదు. డబ్బు పెట్టి కొనుక్కున్న ఆట కొత్త సిస్టమ్‌లో ఆగిపోతే, తప్పెవరిదని ఎవరూ విచారించరు, పాత సిస్టమ్‌కే తిరిగి వెళ్లిపోతారు. ఆ సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్లకు బాగా తెలుసు.

డైరెక్ట్‌ఎక్స్ ఎంత పాతుకుపోయిందంటే, 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్‌కు పేరు కూడా దాన్నుంచే వచ్చింది. పీసీ ఆటలు విండోస్‌కే కట్టుబడిపోయాయి. ఆ కట్టును సడలించే పనికి పూనుకున్నది న్యూయెల్ స్థాపించిన వాల్వ్ కంపెనీయే. 2018లో అది తెచ్చిన ప్రోటాన్, ఆట డైరెక్ట్‌ఎక్స్‌ను అడిగే గ్రాఫిక్స్ పనుల్ని వల్కన్ అనే మరో గ్రాఫిక్స్ వ్యవస్థ భాషలోకి మార్చి లినక్స్ చేత చేయిస్తుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం విండోస్ ఆటల్ని నడిపేది దీని బలంతోనే.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత గేమింగ్ పీసీలను విండోస్ 11 అధికారికంగా చేర్చుకోదు. అలాంటి యంత్రాలకు ఇప్పుడు లినక్స్ నిజమైన దారి. కానీ మారేముందు మీరు ఆడే ఆటల జాబితా చూసుకోండి. వాలరెంట్ లాంటి పోటీ ఆటల్లో మోసాన్ని పట్టే ప్రోగ్రాము విండోస్ లోతైన భాగమైన కెర్నల్‌లోనే కూర్చుంటుంది. దాన్ని ప్రోటాన్ అనువదించలేదు.