యాప్ చూపించని రాక్ ఆల్బమ్స్‌ని ఇలా పట్టేయండి
మ్యూజిక్ యాప్స్ ఎక్కువగా అందరూ వినేవే మన ముందు పెడతాయి. అందుకే నేను రికార్డ్ లేబుల్ పేరుతో వెతుకుతాను. ఆల్బమ్ పేజీ చివర్లో ఆ పేరు ఉంటుంది.

షికాగో లేబుల్ 'డ్రాగ్ సిటీ' అని కొడితే నాకు దొరికిన బ్యాండ్ 'డెత్'. డెట్రాయిట్‌కి చెందిన ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు 1975లోనే పంక్ స్పీడ్‌లో వాయించేశారు. పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు, పెద్ద డీల్ పోయింది. 1976లో సొంతంగా 500 కాపీల సింగిల్ వేసుకున్నారు, అంతే. ఆ పాటలు '...ఫర్ ద హోల్ వరల్డ్ టు సీ' ఆల్బమ్‌గా వచ్చింది 2009లో! పేరు కోసం పట్టుబట్టిన డేవిడ్ హాక్నీ 2000లోనే చనిపోయాడు.

మొత్తం ఏడు పాటలు, అరగంట కూడా పట్టదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. తర్వాత మీ ఫేవరెట్ ఆల్బమ్ కింద ఏ లేబుల్ ఉందో చూడండి.